అన్న గొంతుతో వాపసిచ్చిన లైన్ క్లియర్

బడి మానేసింది నేను కాదు, బడే నన్ను మానేసింది. ఆరో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం గోడ వెనక నిలబడి, హెడ్‌మాస్టరు గొంతుతో, "ఈ పొద్దుకు చాలు, అందరూ ఇండ్లకు పోండి" అని కేక వేశాను. బడి అంతా ఖాళీ అయింది. ఇద్దరు అయ్యవార్లు కూడా గొడుగులు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు బడికంతా సెలవిచ్చింది నేను. మరుసటి రోజు హెడ్‌మాస్టరు నా ఒక్కడికి సెలవిచ్చారు. ఆ సెలవు ఇంకా నడుస్తూనే ఉంది.

కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఆయనను అడగండి.

కరెంటు పనిలో కొత్తగా చేరిన తమ్ముళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, గాలివానల గురించి, షాకుల గురించి రాయమంటుంటారు. గాలివానలు మీకూ వస్తాయి. నేను రాయదలచుకున్నది ఒక టిఫిన్ క్యారియరు గురించి. పెండ్లయిన మగవాడు ఇంకో ఇంటి గడప తొక్కడం గురించి కూడా. తొక్కింది నేను కాదు. కానీ ఆ గడప దగ్గర మూడేండ్లు కాపలా ఉన్నది నేనే. నవ్వొచ్చిన చోట నవ్వండి, మిగతా చోట కాస్త ఆగండి.

డెబ్బయిల చివర్లో నేను ఎమ్మిగనూరు పక్క పల్లెల లైన్ల మీద హెల్పరును. నా పైన ఒక లైన్‌మ్యాన్ ఉండేవాడు. నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్ద. పని నేర్పినవాడు కాబట్టి అన్న అనేవాణ్ణి. పేరు రాయను. స్తంభం మీద అతని చెయ్యి ఎప్పుడూ తొందరపడేది కాదు. నేను పైన ఉంటే తను కింద నిలబడి నా పాదాల మీదనుంచి చూపు తీసేవాడు కాదు. తాగడు, పేకాడడు, ఇంట్లో చెయ్యెత్తడు. ఇవన్నీ ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెడ్డవాడి కథ అయితే నేను రాసే పనే లేదు.

మీకు తెలిసిందే అయినా, బయటివాళ్ళ కోసం ఒక్క సంగతి చెప్పాలి. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి కరెంటు తీయించాలి. దాన్ని లైన్ క్లియర్ తీసుకోవడం అంటాం. ఎవరు అడిగారో ఆపరేటరు పుస్తకంలో రాసుకుంటాడు. పని అయ్యాక, అడిగిన మనిషే మళ్ళీ ఫోను చేసి, "మనుషులు దిగినారు, లైన్ క్లియర్ వాపసు" అనాలి. వేరేవాళ్ళు అంటే చెల్లదు. పైన ఉన్నవాడి ప్రాణం ఆ ఒక్క గొంతు మీద ఆధారపడి ఉండేది.

మా ఆపరేటరు మంత్రాలయం పక్క ఒక అర్చకుల ఇంట్లో పుట్టి, ఎట్లానో మా స్విచ్చుల మధ్య పడిన మనిషి. నుదుట మాధ్వుల అంగారాక్షతల బొట్టు చెరగకుండా డ్యూటీ చేసేవాడు. మాటల్లో కన్నడం కలిసేది. అందరం స్వామీ అనేవాళ్ళం. లాగ్ పుస్తకాన్ని పూజ పుస్తకంలాగా బట్టలో చుట్టి పెట్టేవాడు. ఫోనులో మనం చెప్పింది ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, రాసింది మొత్తం పైకి చదివి వినిపించి, అప్పుడు గాని ఫోను పెట్టేవాడు కాదు. ఆ చదువుడు అయ్యేలోపల మాకు ఒక బీడీ అయిపోయేది. నేను దాన్ని వెక్కిరించని రోజు లేదు. ఒకసారి మా ఇంజనీరు గొంతుతో ఫోను చేసి, "రేపు పెద్దసారు వస్తున్నారు, సబ్‌స్టేషన్ ముందరి రాళ్ళకు సున్నం కొట్టించండి" అన్నాను. పాపం, పంచె ఎగగట్టి తనే కొట్టాడు. వచ్చింది పెద్దసారు కాదు, ఒక ఎద్దు.

అన్న ఇల్లు ఎమ్మిగనూరులో. వదిన మెట్ట పల్లె రైతు బిడ్డ. మాటలు తక్కువ, చేసిన రొట్టెలు ఎక్కువ. పెండ్లయి ఆరేండ్లయినా పిల్లలు లేరు. ఆమె ఆ సంగతి ఎత్తేది కాదు. ఎత్తేవాళ్ళు వీధిలో ఉండనే ఉన్నారు.

ఆదోని రోడ్డు మీద మా లైను పోయే పల్లె ఒకటుంది. బస్సు దిగగానే ఒక చిన్న హోటలు. దాన్ని నడిపే ఆమె మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమె బొరుగులతో చేసే ఉగ్గాని కోసం బస్సు డ్రైవర్లు కూడా హారన్ కొట్టి ఆగేవాళ్ళు. మొదట అన్న ఉగ్గాని కోసమే ఆగాడు. ఆ తర్వాత మాకు ఆ పల్లెలో పని ఎక్కువైంది. వదులైన బోల్టులన్నీ ఆ పల్లెలోనే ఉన్నట్టు, వారానికి ఒకటి రెండుసార్లు అక్కడే లైన్ క్లియర్ తీసుకునేవాళ్ళం. పదకొండుకు పని అయిపోయేది. అన్న హోటలు వెనక గదికి వెళ్ళేవాడు. నేను స్తంభం కింద కూర్చునేవాణ్ణి. కరెంటు వస్తే పని అయిపోయినట్టు, పని అయిపోతే ఆఫీసుకు వెళ్ళాలి. అందుకని కరెంటు రానిచ్చేవాళ్ళం కాదు. సాయంత్రం అన్న రావడం ఆలస్యమైతే, పక్కనే ఉన్న సెనక్కాయల మిల్లులోకి వెళ్ళి అన్న గొంతుతో నేనే ఫోను చేసేవాణ్ణి. "స్వామీ, మనుషులు దిగినారు, లైన్ క్లియర్ వాపసు." స్వామి రాసి, చదివి, కరెంటు ఇచ్చేవాడు. ఒక్కసారీ అనుమానపడలేదు. నేను అంత బాగా చేసేవాణ్ణి.

ఒక మనిషి సరసానికి ఏడు పల్లెల మోటార్లు ఆగేవి. ఎర్రగడ్డల మడి, అంటే ఉల్లి మడి, ఎండిపోతోందని ఒక ముసలి రైతు నా దగ్గరికి వచ్చి అడిగేవాడు.

"ఎప్పుడొస్తాదప్పా కరెంటు?"

"మా అన్న దిగినాక తాతా."

"ఏ స్తంభం ఎక్కినాడప్పా మీ అన్న? నాకు కనపడదే."

"నీకు చూపు తగ్గింది తాతా."

నవ్వాను. అతను నవ్వలేదు.

ఒకసారి అన్నను అడిగాను. నా బుద్ధి బాగుండి కాదు, కూర్చుని కూర్చుని విసుగొచ్చి. "అన్నా, ఇది తప్పు కాదా?"

"ఇంట్లో ఏం తక్కువ చేసినా చెప్పు? తిండికా, గుడ్డకా? పల్లెత్తు మాట అనల్యా."

"అది కాదన్నా."

"ఆమెకు తెలీదు. తెలియంది ఎట్ల నొప్పి పెడతాదిరా?"

ఆ మాట నాకు పెద్ద న్యాయంలాగా కనిపించింది. నిజమే కదా, తెలియని దానికి నొప్పెక్కడిది? ఎవరి ఇల్లు వాళ్ళది, నాకెందుకు అనుకున్నాను. ఇంటికి పోయి, అన్న గొంతుతో ఫోను చేసే నా గొప్పను మా ఆవిడకు చేసి చూపించాను. విని, "అట్లాంటి అవసరం రేపు నీకు పడితే, గొంతు అరువిచ్చేవాడు ఎవడన్నా ఉండాడా?" అంది. నేను పడీ పడీ నవ్వాను. నవ్వు ఆపి చూస్తే, ఆమె నవ్వడం లేదు.

మధ్యమధ్యలో నేను సామాను కోసం సైకిలు మీద ఎమ్మిగనూరు వెళ్ళేవాణ్ణి. అన్న ఇంటి ముందు ఆగి, "ఆయన లైను మీదుండాడు వదినా, సాయంత్రమైతాది" అని చెప్పడం నా పనిలో భాగం. వదిన తల ఊపేది. "నువ్వు తిని పో మరిదీ" అనేది. నేను కూర్చుని జొన్నరొట్టె, సెనక్కాయల పొడి, గోంగూర పప్పు లాగించేవాణ్ణి. ఆమె గడప మీద కూర్చుని వడ్డించేది. ఆమె ఎప్పుడు తింటుందో నేను అడగలేదు. మూడేండ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ పెన్ను ఆగుతుంది.

ఇక ఆ రోజు.

ఎండలు ముదురుతున్న కాలం. పొద్దున అన్న లైన్ క్లియర్ తీసుకున్నాడు. పని తొందరగా అయింది. లైను మీద కాపుదలకు వేసిన ఎర్తు గొలుసును నేనే తీసి సంచిలో పెట్టాను. అది ఉంటే పొరపాటున కరెంటు వచ్చినా మనిషి బతికే అవకాశం ఉంటుంది. తీశాక ఆ తీగలు ముట్టుకోకూడదు, అంతే. అన్న హోటలు వైపు వెళ్ళాడు. నేను స్తంభం పక్కనున్న మోటారు గది నీడలో కాళ్ళు చాపాను.

"ఏం మరిదీ, నీ నోరు గమ్మునుండే పొద్దు కూడా ఉంటాదా?"

ఎగిరిపడి లేచాను. ఎదురుగా వదిన. చేతిలో మూడు గిన్నెల క్యారియరు. చెంగు నెత్తిన కప్పుకుని, చెమటతో ఉంది.

"వదినా! నువ్వేంది ఈడ?"

"బస్సులో వచ్చినా. మీ అన్న యాడ?"

"లైను మీదుండాడు." నేను అనుకోలేదు, నా నాలుకే అలవాటుగా అనేసింది.

"యాడ? కనపడల్యా."

"ఆ జాలిచెట్ల అవతల. ఆ కొసాకుండే స్తంభం."

చేయి అడ్డం పెట్టుకుని చూసింది. చెట్లు తప్ప ఏం కనిపిస్తుంది? క్యారియరు కింద పెట్టి, నీడలో కూర్చుంది. "దిగనీలే. ఈ పొద్దు కండ్లతో చూసి ఈడనే తింటా. ఆయనకూ తెచ్చినా."

"ఆయనకు లేటైతాది వదినా, నువ్వు తినేసెయ్యి."

"నీకు తెలీదా?" అని ఆశ్చర్యంగా చూసింది. "ఆయన లైను మీదున్నంతసేపు నేను ముద్ద ముట్టను. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకున్నా."

"ఎప్పటినుంచి?"

"ఆ పక్కూరి లైనాయప్ప స్తంభం మీదనే కాలిపోయినాడే, ఆ పొద్దునుంచి. దిగినాడని వింటే తింటా. లేకుంటే లేదు."

ఆ లైనాయన చనిపోయి నాలుగేండ్లు దాటింది. ఈ హోటలు సంగతి మొదలై మూడేండ్లు. లెక్కల్లో నేను మొద్దునే, కానీ ఈ లెక్క వద్దన్నా వచ్చేసింది. నేను ఆమె గడప లోపల కూర్చుని, "ఆయన లైను మీదుండాడు" అని చెప్పి, రొట్టె విరుచుకున్న ప్రతిసారీ ఎదురుగా ఉన్నది ఖాళీ కడుపు.

"మరి నాకు పెట్టేదానివి కదా వదినా?"

"నువ్వు దిగొచ్చింటివి కదప్పా. నీకేం?"

ఆమే మళ్ళీ అంది. "పోయిన వారం కొళాయి కాడ కండ్లు తిరిగి పడితి. ఎదురింటామె తిట్టింది. ఇట్లయితే నువ్వు పోతావు, నీ మొగుడుంటాడు, అన్నం తీస్కోని ఆడికే పో, దిగినాక ఇద్దరూ తినండి అనింది. అందుకే వచ్చినా."

గమనించండి, ఆమె అనుమానంతో రాలేదు. ఆకలితో వచ్చింది.

తెలియంది నొప్పి పెట్టదని అన్న అన్నాడే, ఆ న్యాయం నా ఎదురుగా మూడు గిన్నెల క్యారియరు ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమెకు ఏమీ తెలియదు. తెలియకుండానే కొళాయి దగ్గర పడిపోయింది.

ఇక్కడ నాకు తర్వాత తెలిసిన సంగతి ఒకటి ముందే చెప్పాలి. వదిన బస్సు దిగి దారి అడిగింది ఆ హోటలులోనే. "లైన్‌మ్యాన్ పెండ్లాన్ని, అన్నం తెచ్చినా, లైను పని యాడ జరుగుతాంది?" అని అడిగితే, హోటలామె ఒక్క నిమిషం ఆమెనూ, క్యారియరునూ చూసి, మా స్తంభం వైపు చెయ్యి చూపించింది. అన్న వెనక గదిలోనే ఉన్నాడు. హోటలామెకు అన్న చెప్పింది వేరు. పెండ్లాం కాపురానికి రాదు, పుట్టింట్లోనే ఉండిపోయింది అని. ఆమె లోపలికి వెళ్ళి, "నీ పెండ్లాం వచ్చింది. పుట్టింటినుంచి కాదు, నీ ఇంటినుంచి. నీకు అన్నం తీస్కోని. లెయ్, పో" అని చొక్కా మొహాన కొట్టింది. అన్న వెనక దారిన పడి, చేల వెంట పరుగెత్తుకొస్తున్నాడు. పెండ్లాం చూసేటప్పటికి తను లైను మీద ఉండాలి. అంతవరకే అతని బుర్రలో ఉంది.

ఇది నాకు తెలియదు. నా బుర్రలో ఉన్నది వేరు. ఎట్లాగైనా ఈమె తినాలి. మంచి ఆలోచనే. దానికి నేను పట్టుకున్న దారి చూడండి. మిల్లుకు పోయి అన్న గొంతుతో లైన్ క్లియర్ వాపసిస్తాను, కరెంటు వస్తుంది, మిల్లు మోగుతుంది, "అన్న దిగినాడు వదినా, అటునుంచి అటే ఆఫీసుకు పోయినాడు, నువ్వు తిను" అంటాను. అబద్ధంతో పడిపోయిన మనిషిని లేపడానికి ఇంకో అబద్ధం. నాకు తెలిసిన మందు అదొక్కటే.

"ఉండు వదినా, తొందర చేయిస్తా" అని మిల్లులోకి పరుగెత్తాను.

మిల్లు ముందు గదిలో ఫోను, దాని పక్కన కిటికీ. కిటికీలోంచి మా స్తంభం కనిపిస్తోంది, నీడలో వదిన కూడా. స్వామి పలికాడు. నేను గొంతు సవరించుకుని, అన్ననైపోయాను.

"స్వామీ, మనుషులు దిగినారు. లైన్ క్లియర్ వాపసు."

"ఏనప్పా, ఈ పొద్దు బేగి అయిపోయిందే? ఉండు, రాస్తా."

పెన్ను గీరే చప్పుడు వినిపిస్తోంది. కిటికీలోంచి చూశాను. వదిన లేచి నిలబడి ఉంది. తలెత్తి పైకి చూస్తోంది. ఆమె చూపు వెంట నా చూపు పోయింది. స్తంభం సగానికి పైన అన్న. బెల్టు లేదు, చేతులకు తొడుగులు లేవు, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. తీగల వైపు గబగబా ఎక్కుతున్నాడు.

ఫోనులో స్వామి చదవడం మొదలుపెట్టాడు. టైము చదివాడు. లైను పేరు చదివాడు. అన్న పేరు చదివాడు.

"స్వామీ! ఇయ్యొద్దు! కరెంటు ఇయ్యొద్దు! మనిషి పైనుండాడు!" అది నా గొంతు. నా సొంత గొంతు.

చదవడం ఆగింది. "యారప్పా మాట్లాడేది?"

"నేను స్వామీ, హెల్పరును."

"ఇప్పటిదాకా మాట్లాడింది?"

"అదీ నేనే."

తర్వాత స్వామి గొంతు చల్లగా వచ్చింది. "రాళ్ళకు సున్నం కొట్టించింది కూడా నువ్వేనా?"

"నేనే స్వామీ, నేనే. దండం పెడతా, కరెంటు ఇయ్యొద్దు."

"మనిషి దిగినాడంటావు, పైనుండాడంటావు. ఇందులో యాది ఆటో యాది నిజమో నాకెట్ల తెలుస్తాదప్పా? ఫోనులో నీ అసలు గొంతు ఎట్లుంటాదో కూడా నాకు తెలీదే."

తమ్ముళ్ళూ, నా జీవితమంతా నేను మనుషుల్ని నమ్మించే పనే చేశాను. ఆ నిమిషంలో నాకు తోచింది దానికి పూర్తిగా తిరగబడ్డ మాట.

"నన్ను నమ్మొద్దు స్వామీ. నేనేం చెప్పినా నమ్మొద్దు. ఆయన నీ ముందరికొచ్చి నిలబడి చెప్పేదాకా ఎవ్వరి గొంతూ నమ్మొద్దు. పుస్తకంలో రాసింది కొట్టెయ్యి. ఎందుకు కొట్టేసినావో అదీ రాయి. నా పేరు పెట్టి రాయి."

పెన్ను గీరే చప్పుడు మళ్ళీ వచ్చింది. ఎంతసేపు రాశాడో. తర్వాత, అలవాటు ప్రకారం, పైకి చదివాడు. "పై వాపసు చెల్లదు. మాట్లాడినది లైన్‌మ్యాన్ కాదు. హెల్పరు అతని గొంతుతో మాట్లాడినట్టు తనే ఒప్పుకున్నాడు. లైనుకు కరెంటు ఇవ్వలేదు."

నా ఉద్యోగం పోయిందని అర్థమైంది. అన్న బతికాడని కూడా అర్థమైంది. ఇన్నేండ్లుగా నేను వెక్కిరించిన ఆ చదువుడే అతన్ని బతికించింది.

బయటికి వచ్చాను. ఒక్కటి తేల్చుకున్నాను. ఈ పొద్దు ఇది ఇక్కడితో అయిపోవాలి. ఇంకో మాట అల్లితే నా నాలుక నేనే కోసుకోవాలి.

వదిన నన్ను చూసి, "కొసాకుండాడంటివి, ఈ స్తంభం మీదెట్లుండాడు? ఇప్పుడే ఎక్కినాడు, నేను చూసినా" అంది.

"వదినా, ఆయన పొద్దున పదకొండుకే దిగినాడు. నేను చెప్పింది అబద్ధం. ఈ ఒక్క పొద్దు కాదు. మూడేండ్లుగా నీ ఇంటికొచ్చి నేను చెప్పిందాంట్లో సగానికి సగం అబద్ధం."

"మరి యాడుండె?"

"అది ఆయన చెప్పల్ల. నా నోటితో చెప్పను. ఆయన మాటలు ఇంగ నా నోట్లోంచి రావు."

తలెత్తి అరిచాను. "అన్నా, దిగు! నిదానంగా దిగు. స్వామికి అంతా చెప్పేసినా. కరెంటు రాదు. నువ్వే పోయి చెప్పేదాకా రాదు."

అన్న బోల్టు తిప్పుతున్నట్టు చేతులు ఆడిస్తున్నాడు. చేతిలో స్పానరే లేదు.

"నువ్వు పోరా! పని ఉండాది!"

"ఏం పని అన్నా? వేళ్ళతో బోల్టు బిగిస్తాండావా?"

"పోరా అంటే!"

"పోను. నువ్వు దిగల్ల. దిగి వదినకు చెప్పల్ల. ఇద్దరం ఈడనే ఉంటాం."

అన్న దిగలేదు. పై అడ్డకమ్మీ మీద కూర్చుండిపోయాడు. వదిన క్యారియరు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ అదే చోట కూర్చుంది. "దిగేదాకా తిననని మొక్కుకున్నా కదా. దిగనీ" అంది.

అట్లా ఎంతసేపయిందో. ఎండ నెత్తి మీదికొచ్చింది. కరెంటు రాలేదని రైతులు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఎర్రగడ్డల తాత వచ్చి, తలెత్తి చూసి, నాతో అన్నాడు. "ఈ పొద్దు కనపడినాడప్పా మీ అన్న. నా చూపు బాగనే ఉండాది."

పదిమంది కింద నిలబడి చూస్తుంటే, ప్రతి చిన్న పని నాకు నేర్పిన మనిషి పైన ఏ పనీ లేకుండా కూర్చున్నాడు. చివరికి దిగాడు. ఎక్కేటప్పుడు ఉన్న తొందర దిగేటప్పుడు లేదు. ఆఖరి అడుగు దగ్గర చాలాసేపు ఆగాడు.

నేను రైతుల్ని దూరంగా తీసుకుపోయాను. అన్న ఏం చెప్పాడో నేను వినలేదు. చూశాను. తలవంచుకుని చెప్పాడు. చాలాసేపు పట్టలేదు. మూడేండ్ల సంగతి చెప్పడానికి అంత తక్కువ టైము సరిపోతుందని నాకు తెలియదు. వదిన ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, అతను హోటలు వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. హోటలామె వాకిట్లో నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. హోటలామె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అప్పుడు వదిన క్యారియరు విప్పింది. మొగుడు దిగాడు కదా, మొక్కు తీరింది. మూడు గిన్నెలూ ముందు పరుచుకుని, రొట్టె విరిచి, నిదానంగా తినడం మొదలుపెట్టింది. ఇద్దరి కోసం తెచ్చిన అన్నం. అన్న ఎదురుగా నిలబడే ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒక్క ముక్క మిగల్చకుండా తింది. గిన్నెలు కడిగి, క్యారియరు బిగించి, రోడ్డు మీదికి వెళ్ళి, వచ్చిన బస్సు ఎక్కింది. అది ఎమ్మిగనూరు బస్సు కాదు, ఆమె పుట్టింటి వైపు పోయేది.

పెండ్లాం పుట్టింట్లో ఉందని అన్న చెప్పిన అబద్ధం ఆ సాయంత్రానికి నిజమైంది.

అన్న సైకిలు తొక్కుకుంటూ సబ్‌స్టేషన్‌కు పోయి, స్వామి ముందు నిలబడి, తన నోటితో లైన్ క్లియర్ వాపసిచ్చాడు. స్వామి అతన్ని ఒక్క మాట అనలేదట. రాసి, చదివి, కరెంటు ఇచ్చాడు. నాతో మాత్రం తర్వాత అన్నాడు. "ఇన్నేండ్ల నా పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదప్పా. నీ పుణ్యమా అని వచ్చింది."

విచారణ జరిగింది. విచారణ చేసిన ఆఫీసరు అంతా విని, చివర్లో కుతూహలం ఆపుకోలేక, "ఏదీ, ఒకసారి ఆయన గొంతుతో మాట్లాడు, చూద్దాం" అన్నాడు. "ఆ గొంతు వాపసిచ్చేసినాను సార్" అన్నాను. నిజాన్ని నేనే ఒప్పుకున్నానని ఉద్యోగం నిలబెట్టారు. నన్ను సి.బెళగల్ వైపు పడేశారు, అన్నను జొన్నగిరి వైపు. అక్కడ నేల కింద బంగారముందంటారు. అన్నకు దొరికినట్టు లేదు.

పల్లె వదిలే ముందు హోటలుకు ఒకసారి పోయాను. క్షమాపణో ఏదో చెబుదామని. ఆమె ఉగ్గాని పొట్లం కట్టి చేతికిచ్చింది. "మీ అన్నకు నోర్లు రెండప్పా. ఒగటి ఆయనది, ఇంగోటి నీది. రెండూ నా కాడికి రావద్దు" అంది. ఆ పొట్లం నేను తినలేకపోయాను.

ఇప్పుడు నన్ను అడుగుతారు, మనసు ఎటు పోతుందో దాన్ని ఆపగలమా పెద్దాయనా అని. ఆపగలమో లేదో నాకు తెలియదు, నేను ఆరో తరగతి వాణ్ణి. కానీ మనసు పోయినంత మాత్రాన ఏడు పల్లెల మోటార్లు ఆగవు. అవి ఆగడానికి ఇంకో మనిషి కావాలి, ఫోను పట్టుకుని సరే అనేవాడు. అన్న తన ఇంటి తప్పు తను చేశాడు. దానికి స్తంభం కింద కూర్చుని గొడుగు పట్టింది నేను. ఎవరన్నా మీ దగ్గరికి వచ్చి, "మా ఇంట్లో అడిగితే నాతోనే ఉన్నాడని చెప్పు, అంతే" అంటే, ఆ 'అంతే' దగ్గర ఆగండి. అవతల ఎవరు తినకుండా కూర్చున్నారో మీకు తెలియదు.

ఏడాది దాటాక వదిన తిరిగి వచ్చింది. ఎవరు రాజీ చేశారో, ఏం షరతులు పెట్టిందో నేను అడగలేదు. జొన్నగిరి పక్క వాళ్ళు కాపురం పెట్టారని విని, ఒక సెలవు రోజు పోయాను. అన్న వాకిట్లో కూర్చుని సెనక్కాయలు ఒలుస్తున్నాడు. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి నవ్వాడు, చాప జరిపాడు. లోపలినుంచి రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. వదిన గడప దాకా వచ్చి నన్ను చూసి ఆగింది. నాకేమో ఒకటే కోరిక, ఆమె పాత వదినలాగా ఒక్క మాట అంటే చాలని. ఆ తొందరలో పాత జోకరు పైకి లేచాడు.

"ఏం వదినా, నీ మొగుని ప్రాణం కాపాడినోణ్ణి, ఇంత దూరం సైకిలు తొక్కినా. ఆకలైతాంది. ఒక రొట్టె ముక్కన్నా పెట్టవా?"

వదిన నన్ను చూసింది. నా పక్కనే కూర్చుని సెనక్కాయలు ఒలుస్తున్న అన్నను చూసింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ, నెమ్మదిగా అంది:

"మీ అన్న ఇంగా లైను మీదుండాడప్పా. దిగినాక తిందువులే, కూర్చో."